కోడికి మోకాలెక్కడ?

ఆదివారం కదా! ఈ పేజీ మీ చేతికొచ్చే వేళకి చాలా ఇళ్లలో పొయ్యి మీద కోడికూర ఉడుకుతూ ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అయితే లెగ్ పీస్ ఎవరిదన్న పంచాయితీ కూడా ఈపాటికి మొదలయ్యే ఉంటుంది. అది తెగేలోగా వాళ్లనో చిన్న ప్రశ్న అడిగి చూడండి. కోడికి మోకాలెక్కడుంటుంది?

దాదాపు అందరూ చూపించేది ఒకే చోటు. ఈకలు అయిపోయి పసుపుపచ్చటి పొలుసుల కాలు మొదలయ్యే దగ్గర, వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించే కీలు. 'మన మోకాలు ముందుకుంటుంది, కోడిది వెనక్కుంటుంది' అని సర్దిచెప్పేవాళ్లూ ఉంటారు. కానీ అది మోకాలు కాదు... మడమ!

కోడి అసలు మోకాలు ఇంకా పైన, ఈకల చాటున, పొట్టకు ఆనుకుని ఉంటుంది. చికెన్ కొట్టాయన కాలుని రెండు ముక్కలు చేసేటప్పుడు కత్తి ఎక్కడ దించుతాడో గమనించండి. అదే మోకాలు. దానికి పైది తొడ. కిందిది మనం లెగ్ పీస్ అని మురిసిపోయే పిక్క. ఆ పిక్క కింద ఆయన నరికి పక్కన పడేసే పచ్చటి భాగం ఉందే, అది కోడి పాదం. మనకి అరికాలిలో విడివిడిగా ఉండే పొడుగాటి ఎముకలు కోడికి ఒక్కటిగా అతుక్కుపోయి, నిలువుగా లేచి నిలబడ్డాయి. అంటే కోడి నడిచేదంతా మునివేళ్ల మీదే.

లెగ్ పీస్‌లోనే ఇంకో సంగతుంది. లావాటి ఎముక పక్కనే సూదిలాంటి సన్నటి ఎముక ఒకటుంటుంది. 'గొంతులో గుచ్చుకుంటుంది జాగ్రత్త' అని అమ్మలు ఏరి కంచం అంచున పెట్టేది అదే. మన మోకాలి కిందా రెండెముకలుంటాయి, ఒకటి లావుది, ఒకటి సన్నది. మనలో మడమ దాకా నిండుగా ఉన్న ఆ సన్నటి ఎముకే, కోడిలో సగంలో ఆగిపోయి సూదిలా మిగిలింది.

ఎముకల మీద ఇంత ఆసక్తి నాకు బళ్లో సైన్సు పాఠాల వల్ల రాలేదు. 2022లో మా నాన్న పడిపోయినప్పుడు వచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు కోడి నుంచి ఎద్దు దాకా కాస్త నడవాలి. రండి.

తెల్ల మాంసం, ఎర్ర మాంసం

కండరం ఎప్పుడూ లాగడమే తప్ప తోయడం ఎరగదు. మోచెయ్యి ముడవాలంటే జబ్బ ముందున్న కండరం లాగాలి. చాచాలంటే జబ్బ వెనకున్నది లాగాలి. ఎద్దుకైనా కప్పకైనా మనిషికైనా ఇదే పద్ధతి. ఒకటి బిగిస్తే దాని జత సడలుతుంది. నూతి గిలక మీద తాడులాగా, ఎంతసేపూ లాగుడే.

మరి పక్షి రెక్కని కిందికి కొట్టడానికి రొమ్ము కండరం లాగుతుంది, సరే. పైకెత్తడానికి? వీపు మీద పెద్ద కండ ఏదీ కనిపించదు. జవాబు మళ్లీ మన వంటింట్లోనే దొరుకుతుంది. చికెన్ బ్రెస్ట్ కొన్నప్పుడు పెద్ద కండ కింద, దాన్నుంచి సులువుగా ఊడొచ్చే సన్నటి కండ ఒకటుంటుంది. రెక్కని పైకెత్తేది అదే. ఉండేది కిందే అయినా, దాని కొసన ఉన్న స్నాయుబంధనం భుజం దగ్గరి ఎముకల సందులోంచి దూరి, పైకి వెళ్లి రెక్క మీదికి దిగుతుంది. అచ్చం గిలక మీద తాడే. కింద లాగితే పైన లేస్తుంది.

కోడి రొమ్ము తెల్లగా, తొడ ఎర్రగా ఎందుకుంటాయో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రోజంతా తిరిగే కాళ్ల కండరాలకు ఆగకుండా ప్రాణవాయువు కావాలి. దాన్ని పట్టి ఉంచే మయోగ్లోబిన్ అనే పదార్థం వల్లే ఆ ఎరుపు. రొమ్ము కండరానికి కోళ్లలో పని తక్కువ. కుక్క తరిమితే గోడెక్కడానికి నాలుగు టపటపలు, అంతే! అలాంటి ఒక్క ఉదుటు పనికి తెల్ల కండరం చాలు. అదే పావురాన్ని చూడండి. మైళ్లకు మైళ్లు ఎగురుతుంది కాబట్టి దాని రొమ్ము ముదురెరుపు. ఎవరే పని చేసి బతుకుతున్నారో మాంసం రంగే చెబుతుందన్నమాట.

ఒకటి, రెండు, కొన్ని, ఐదు

ఇప్పుడు మీ చెయ్యి చాపండి. భుజం నుంచి మోచేతి దాకా ఒకే ఎముక. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా రెండు. పదో తరగతి చదివినవాళ్లకు గుర్తుండే ఉంటాయి, రత్ని, అరత్ని. ఆ తర్వాత మణికట్టులో గులకరాళ్లలాంటి చిన్న ఎముకలు కొన్ని. చివర వేళ్లు. ఒకటి, రెండు, కొన్ని, ఐదు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

కోడి రెక్క తినేటప్పుడు ఇదే లెక్క వేసి చూడండి. బొద్దుగా ఉన్న మొదటి ముక్కలో ఒక ఎముక. రెండో ముక్కలో రెండు ఎముకలు పక్కపక్కన. చివర మాంసం లేని కొస ముక్కలో అతుక్కుపోయిన మణికట్టు, మూడు వేళ్ల ఆనవాళ్లు. చీకటి పడ్డాక మర్రిచెట్టు మీంచి లేచే గబ్బిలానికీ ఇదే లెక్క. కాకపోతే దాని నాలుగు వేళ్లు గొడుగు ఊచల్లా సాగిపోయాయి, వాటి మధ్య చర్మమే రెక్క. బొటనవేలు మాత్రం కొక్కెంలా బయటికి మిగిలింది. తిమింగలం ఈత రెక్కని కోసి చూస్తే లోపల భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు అన్నీ ఉంటాయి. కప్పకి మాత్రం మోచేతి కిందున్న రెండు ఎముకలూ ఒకటిగా అతుక్కున్నాయి, దూకినప్పుడు నేల దెబ్బ తట్టుకోవాలి కదా. ఇంటర్ బైపీసీ చదివి ప్రాక్టికల్స్‌లో కప్పని కోసిన తరంవాళ్లు ఇది కళ్లారా చూసే ఉంటారు. కాళ్లే లేని కొండచిలువకు కూడా తోక మొదట్లో రెండు పక్కలా చిన్న గోళ్లలాంటివి ఉంటాయి. ఒకప్పటి వెనక కాళ్ల మిగులు అవి.

ఎగరడానికీ ఈదడానికీ దున్నడానికీ రాయడానికీ ఒకే నమూనా ఏమిటి? ఈ ప్రశ్న పాతదే. 1555లో పియర్ బెలాన్ అనే ఫ్రెంచ్ ఆయన పక్షుల మీద పుస్తకం వేస్తూ, మనిషి అస్థిపంజరాన్నీ పక్షి అస్థిపంజరాన్నీ పక్కపక్కన నిలబెట్టి బొమ్మ గీయించాడు. సరిపోలే ఎముకలకు ఒకే అక్షరం గుర్తుగా పెట్టాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ ఇలాంటి అవయవాలకు ఓ పేరు పెట్టి, 1849లో కాళ్లూ చేతుల మీదే ఒక పుస్తకం రాశాడు. మన పాఠ్యపుస్తకాల్లో 'నిర్మాణ సామ్య అవయవాలు' అంటున్నది వాటినే. వీటన్నిటికీ వెనక ఏదో ఒక మూల నమూనా ఉందన్నది ఓవెన్ మాట. పదేళ్ల తర్వాత 1859లో డార్విన్ వచ్చి, అది నమూనా కాదు, తాత అన్నాడు. అందరికీ ఒకే పూర్వీకుడు ఉండబట్టే ఒకే ఎముకలు వారసత్వంగా వచ్చాయని, ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లకి అవి సాగాయో కుదించుకుపోయాయో అని ఆయన వాదన. ఓవెన్‌కి ఇది చివరిదాకా మింగుడుపడలేదు.

ఆ తాతల్లో ఒకరి ఆనవాలు 2004లో కెనడా ఉత్తరాన మంచు దీవుల్లో దొరికింది. పేరు టిక్టాలిక్. 37.5 కోట్ల ఏళ్ల నాటి చేప. పొలుసులున్నాయి, మొప్పలున్నాయి. కానీ దాని ముందు రెక్కలో ఒక ఎముక, ఆ తర్వాత రెండు, ఆపైన మణికట్టులాంటి చిన్న ఎముకలు. వేళ్లు మాత్రం ఇంకా రాలేదు. మిగతా లెక్కంతా సిద్ధం.

వేలి కొన మీద గుర్రం

బళ్లో గుర్రం బొమ్మ వేసిన ప్రతి పిల్లాడికీ ఓ చిక్కు వస్తుంది. ముందు కాళ్ల మోకాళ్లు ఒకలా వంగుతాయి, వెనక కాళ్లవి ఇంకోలా. నిజానికి గుర్రం ముందు 'మోకాలు' మన మణికట్టు. వెనకది మన మడమ. దాని మోచెయ్యి ఛాతీ పక్కన, అసలు మోకాలు పొట్ట కింద దాక్కుని ఉంటాయి. బారాత్‌లో పెళ్లికొడుకుని మోస్తూ తిరిగే ఆ గుర్రం, ఒక్కో కాలికి ఒక్కటే వేలు, అదీ నడిమి వేలి కొన మీద నిలబడి ఉంటుంది. గిట్ట అంటే ఆ వేలి గోరే.

ఎద్దు, మేక అయితే రెండు వేళ్ల మీద నిలబడతాయి. అందుకే వాటి గిట్టలు రెండుగా చీలి ఉంటాయి. వెనకాల కాస్త పైన రెండు చిన్న గోళ్లు వేలాడుతుంటాయి చూడండి, అవి పని లేకుండా మిగిలిన మరో రెండు వేళ్లు. పాయా వండేవాళ్లు ఓసారి గమనించండి. మేక కాలి పొడుగు ఎముక ముందువైపు నిలువునా సన్నటి గాడి ఉంటుంది. రెండెముకలు కలిసి ఒకటైన అతుకు అది.

ఆ పాయా ముక్కలో మాంసం ఎందుకుండదు? కండంతా పైనే, ఒంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి. కింది భాగానికి స్నాయుబంధనాలు మాత్రమే తాళ్లలా దిగుతాయి. గొడ్డలిని కర్ర చివర పట్టుకుని ఊపడానికీ, ఇనుము దగ్గర పట్టుకుని ఊపడానికీ ఎంత తేడా ఉంటుందో తెలుసు కదా. కాలి చివర బరువు తగ్గేకొద్దీ వేగంగా ఊపొచ్చు. పరిగెత్తి బతికే జంతువులన్నిటివీ అందుకే అంత సన్నటి కాళ్లు. కానీ ఆ సన్నదనానికి చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. అది మా ఇంట్లోనే చూశాను.

రాముడి కాలు

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఒంగోలు గిత్త అనగానే గుర్తొచ్చేది మూపురం. అందులో ఎముక లేదు, కొవ్వు కలిసిన కండ. మెడ నుంచి భుజపుటెముక దాకా సాగే ఒక కండరం అక్కడ కొండలా పెరిగింది. ఈ నేల నుంచి వెళ్లిన పశువుల సంతతే బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మందలు మందలుగా ఉంది.

మీ మెడ కింద రెండు పక్కలా అడ్డంగా తగిలే ఎముకని తడిమి చూసుకోండి. మన చేతిని మొండేనికి కలిపే ఎముక లంకె అదొక్కటే. ఎద్దుకి అది లేదు. రెండు ముందుకాళ్ల మధ్య దాని మొండెం కండరాల జోలెలో వేలాడుతూ ఉంటుంది. ఎద్దు గుంటలో అడుగేసినప్పుడు ఆ కుదుపునంతా పీల్చేది ఆ జోలే.

నా చిన్నప్పుడు మాకు రాముడు, భీముడు అని జత ఎడ్లుండేవి. ఒక వర్షాకాలం కాలవ గట్టు దిగుతూ రాముడు జారాడు. ముందుకాలు మోకాలి కింద, అంటే మణికట్టు కింద, విరిగింది. పశువుల డాక్టరుగారు వచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టారు. రాముడు మూడు కాళ్ల మీద నిలబడి ఉండేవాడు. నాన్న రాత్రిళ్లు చావిట్లోనే మంచం వేసుకునేవాడు. వారం గడిచాక రాముడు కూలబడ్డాడు. నలుగురు మనుషులు మోకు వేసి లేపినా నిలబడలేదు. ఒత్తిడికి పక్కంతా పుళ్లుపడ్డాయి. పోయాక నాన్న పొలంలో గొయ్యి తవ్వించి, ఉప్పు పోయించి పూడ్పించాడు. ఆ ఏడాది మళ్లీ ఎడ్లు కొనలేదు.

2022లో నాన్నకి 74 ఏళ్లు. తెల్లవారుజామున గేదెకి గడ్డి వేయబోయి చావిట్లో తడి మీద జారాడు. లేవలేకపోయాడు. ఒంగోలు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగిందన్నారు. ఆ ఎముక పైకొసన గుండ్రటి గుండు ఉంటుంది. దానికి రక్తం వెళ్లే దారి ఆ మెడ మీదుగానే. మెడ విరిగితే ఆ దారి తెగుతుంది. ఈ వయసులో అతుక్కోవడం కష్టం, గుండు తీసేసి లోహపు గుండు పెడతాం, మర్నాడే నిలబెడతాం అన్నారు డాక్టరు. ఆలస్యం మంచిది కాదని, మంచాన పడి ఉంటే ఊపిరితిత్తులకి నెమ్ము చేరుతుందని, కాళ్లలో రక్తం గడ్డకడుతుందని కూడా చెప్పారు.

నాన్న ఒప్పుకోలేదు. పెదనాన్న వచ్చి పుత్తూరు తీసుకెళదామా అన్నాడు. దానికీ తలూపలేదు. హైదరాబాద్ నుంచి నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అన్నయ్య కోప్పడ్డాడు, అమ్మ ఏడ్చింది. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే నెమ్మదిగా అన్నాడు... "కాలు విరిగిన గొడ్డు లేచి తిరిగింది నేనెప్పుడూ చూళ్లేదమ్మాయ్. ఎందుకు నా మీద డబ్బు తగలేస్తారు?"

రాముడు గుర్తొచ్చాడు. ఆయనకీ అదే గుర్తొచ్చిందని నాకు తెలుసు.

బరువు లెక్క

మా మండలంలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన పశువుల డాక్టరుగారు నాన్నకి స్నేహితుడు. రాముడికి కట్టు కట్టింది ఆయనే. ఫోన్ చేసి సంగతి చెప్పి, నాన్న చెవి దగ్గర పెట్టాను. స్పీకర్లో ఆయన మొదటి మాటే ఇది... "అన్నా, నువ్వు ఎద్దువి కాదు. నీకు ఇంకా రెండు చేతులున్నాయి!"

ఆ తర్వాత ఆయన చెప్పిందంతా నేను కాగితం మీద రాసుకున్నాను, అలవాటైన పనేగా. లేగదూడ కాలు విరిగితే కట్టు కడితే చాలాసార్లు అతుక్కుంటుందట. పెద్ద ఎద్దుతోనే చిక్కు. దాని బరువు నాలుగైదు వందల కిలోలు. అందులో సగానికి పైగా ముందుకాళ్ల మీదే. ఒకటి విరిగితే ఆ భారమంతా రెండో దాని మీద పడుతుంది. పోనీ పడుకుందామా అంటే, ఒకే పక్కన పడుకుంటే పొట్టలో గాలి బయటికి రాక ఉబ్బిపోతుంది. కింద పడ్డ కండరాలు సొంత బరువుకే నలిగి చచ్చిపోతాయి. 'నెలరోజులు కాలు కదపకు' అని చెబితే వినే జీవం కాదు. పైగా మోకాలి కింద కండ లేదు, ఎముక మీద ఉత్త తోలే. విరిగిన కొస తోలుని చీల్చుకొచ్చిందంటే చీము పట్టడమే. వేగం కోసం సన్నబడిన కాలు విరిగినప్పుడు కాపాడే కండ కరువవుతుంది.

జంతువు పెద్దదయ్యేకొద్దీ ఇబ్బంది ఎందుకు పెరుగుతుందో గెలీలియో 1638లోనే లెక్క కట్టి చూపించాడు. ఒక జంతువు అన్ని వైపులా రెండింతలు పెరిగిందనుకోండి. దాని బరువు ఎనిమిదింతలవుతుంది. కానీ ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగింతలే. అంటే ప్రతి ఎముక మీదా భారం రెట్టింపు. అందుకే పెద్ద జంతువు ఎముక పొడుగుతోపాటు మరీ లావెక్కాలి. లేదంటే కాళ్లు నిటారుగా స్తంభాల్లా నిలపాలి. ఏనుగు ఈ రెండో పని కూడా చేసింది. ఏనుగుకి నాలుగు మోకాళ్లని చెప్పుకుంటారు కానీ దాని ముందువి కూడా మణికట్లే. మందపాటి కొవ్వు మెత్తని మడమ కింద పెట్టుకుని, అదీ వేళ్ల మీదే నిలబడుతుంది. దూకలేదు, గుర్రంలా నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి దౌడు తీయలేదు.

ఇంతకంటే పెద్ద కాళ్లు మన నేల మీదే నడిచాయి. ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన జురాసిక్ కాలపు రాక్షసబల్లికి శాస్త్రవేత్తలు 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. 'బరపా' అంటే పెద్ద కాలు. దాని తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, అంటే నిలబెడితే మా నాన్నంత ఎత్తు! తవ్వకాలు జరిగిన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు కలిపారు. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో దాని అస్థిపంజరం ఉంది. అదే లోయలో యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్‌ని చూడ్డానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. పిల్లల్ని తీసుకెళితే దాని ముందుకాలి దగ్గర ఆగి లెక్కపెట్టించండి. ఒకటి, రెండు, కొన్ని, ఐదు.

తుంటి దగ్గర మనిషి

ఫోన్ పెట్టేశాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత డాక్టరుని పిలవమన్నాడు. వచ్చాక ఆయన్ని అడిగింది ఒకే ప్రశ్న. "మరి మనిషికి ఆ మెడ అంత బలహీనంగా ఎందుకు పెట్టాడయ్యా దేవుడు?"

ఆ డాక్టరు ఓపికమంతుడు. మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుని, తన పిడికిలిని గుండులా, మణికట్టుని మెడలా వంచి చూపించాడు. ఎద్దు తొడ ఎముకకి ఈ మెడ పొట్టి. మనిషికి పొడుగు, పక్కకి చాచి ఉంటుంది. కారణం మనం రెండు కాళ్ల మీద నడవడమే. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒక కాలు గాల్లో ఉంటుంది. అప్పుడు ఒళ్లంతా ఆ పక్కకి ఒరిగిపోవాలి. ఒరగకుండా తుంటి పక్కనున్న కండరం రెండో వైపు నుంచి లాగి పట్టుకుంటుంది. గడకి పట్టు దూరమయ్యేకొద్దీ లాగడం తేలికైనట్టు, మెడ పొడుగైతే ఆ కండరానికి పని తేలికవుతుంది. చింపాంజీకి ఆ కండరం పక్కన కాకుండా వెనకవైపుంటుంది. అందుకే అది రెండు కాళ్ల మీద నడిస్తే అటూ ఇటూ ఊగిపోతుంది.

ఒంటికాలి మీద నిలబడినప్పుడు మన తుంటి కీలు మీద పడేది ఒంటి బరువుకి సుమారు రెండున్నర రెట్లు. 60 కిలోల మనిషికి 150 కిలోలు! వయసులో ఉన్నంతకాలం మెడ ఆ భారాన్ని కిక్కురుమనకుండా మోస్తుంది. వయసు మీరి ఎముక గుల్లబారాక ఒక్క జారుడుకి విరుగుతుంది. మనం నిటారుగా నిలబడి చేతులు ఖాళీ చేసుకున్నందుకు కట్టే సుంకం ఇది.

"అయితే గొడ్డుకి ముందుకాళ్లలో ఉంది బలహీనత, మనకి వెనక కాళ్లలో" అన్నాడు నాన్న. డాక్టరు నవ్వి, అంతేనన్నాడు. ఆపరేషన్‌కి సంతకం పెట్టమని అన్నయ్యకి చెప్పింది నాన్నే.

మర్నాడు పొద్దున నిజంగానే నిలబెట్టారు. ఫిజియోథెరపీ చేసే కుర్రాడు వాకర్ తెచ్చి ముందు పెట్టాడు. నాన్న రెండు చేతులతో దాన్ని పట్టుకుని, జబ్బల మీద బరువు మోపి, ఒక్కో అడుగే వేశాడు. ఆ చేతులు చూస్తూ ఉండిపోయాను. నాగలి మేడి పట్టిన చేతులు, నన్ను భుజానికెత్తుకున్న చేతులు. లక్షల ఏళ్ల క్రితం ముందుకాళ్ల పని మానేసి వేరే పనులకు పోయిన చేతులు... కాళ్లకి కష్టమొచ్చిందనగానే తిరిగొచ్చి పాత పనిలో కుదిరినట్టున్నాయి. వాటి ఎముకలకీ కండరాలకీ ఆ పని కొత్త కాదు కదా. ఎద్దుకి లేనిది ఆ వెసులుబాటే. దానికి నాలుగూ కాళ్లే. మనకి రెండు కాళ్లు, అవసరానికి అక్కరకొచ్చే మరో రెండు.

ఆ తర్వాతి మూడు నెలలూ అనుకున్నంత తేలిక్కాలేదు. మంచం మీద పక్కకి తిరిగి పడుకుని కాలు పైకెత్తే వ్యాయామం రోజూ చేయాలి. తుంటి పక్కనున్న ఆ కండరానికే అది. దానికి బలం రాకపోతే కుంటు మిగిలిపోతుంది. నాన్న ఆ వ్యాయామాన్ని ఏ రోజూ ఇష్టంగా చేయలేదు, ఏ రోజూ మానలేదు. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. ఇప్పుడు దూరం నడవాల్సి వస్తే తప్ప కర్ర కూడా పట్టడు. గడ్డి వేసే పని మాత్రం అమ్మ ఇంకా తిరిగివ్వలేదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఓ మాట. బాత్రూములో తడి, గుమ్మం దగ్గర ముడతపడ్డ పట్టా, చీకట్లో లేచినప్పుడు వెతుక్కోవాల్సిన స్విచ్చి... తొడ ఎముక మెడకి శత్రువులు ఇవే. అంతకుమించి, పడ్డాక 'ఇక ఇంతే' అని వాళ్లు గోడవైపు తిరిగితే, కారణం డబ్బో మొండితనమో అని తేల్చేయకండి. వాళ్ల కళ్ల ముందు ఏ రాముడు మెదులుతున్నాడో ఒక్కసారి అడిగి చూడండి.

ఆపరేషనైన నెలకి మా గేదె ఈనింది. దూడ తడబడుతూ, రెండుసార్లు కూలబడి, గంట తిరక్కుండానే నాలుగు కాళ్ల మీద నిలబడింది. నేను ఫోన్ చేస్తే నాన్న ఆ కబురే ముందు చెప్పాడు. చెప్పి, "దానికి గంట పట్టింది, నాకు ఒక్క రోజు పట్టింది. రెండు కాళ్లవాడికి ఆ మాత్రం ఆలస్యం ఉంటుందిలే" అన్నాడు.